గడప దాటిన విషపు మొక్క

కామసముద్రం చుట్టుపక్కల పల్లెల్లో మొక్క కొత్తది కాదు, కుక్క కొత్తది కాదు, విషమూ కొత్తది కాదు. ఈ మూడూ ఒకే గదిలో చేరడం మాత్రం కొత్త. బంగారుపేట తాలూకాలో, ఒక పక్క కుప్పం, ఇంకో పక్క తమిళనాడు సరిహద్దు పెట్టుకుని, తెలుగు, కన్నడం, తమిళం కలిసి వినిపించే ఈ ఊళ్లలో ఇప్పుడు కుండీలో అలంకారపు మొక్క, సోఫా కింద కుక్కపిల్ల మామూలైపోయాయి. కుక్కపిల్ల ఆకు నమిలి చొంగ కారుస్తుంటే ఇంటిల్లిపాదీ కంగారుపడుతున్నారు. ఒకరు ఉప్పునీళ్లు తెమ్మంటారు, ఒకరు పాలు పట్టమంటారు, ఇంకొకరు ఫోను పట్టుకుని వెతుకుతుంటారు. పాతకాలం వాళ్లకు మొక్కల విషం గురించి తెలుసనీ, మనం మరిచిపోయామనీ అనేస్తే సులువుగా తేలిపోతుంది గాని, చరిత్ర ఆ మాటకు పూర్తిగా సాక్ష్యం పలకదు. ఆ తెలివి నిజంగానే ఉండేది, చాలావరకు ఇప్పటికీ ఉంది. కాకపోతే అది పశువును కాపాడడానికి పుట్టింది, దొడ్డికీ వంటింటికీ పరిమితమైంది. కుక్కా కుండీ కలిసిన గదిలోకి దాన్ని ఎవరూ తీసుకురాలేదు.

పాత పల్లెలో విషపు మొక్క గురించిన జ్ఞానం పుస్తకంలో ఉండేది కాదు, మొక్కను ఎక్కడ ఉండనివ్వాలి అన్న కట్టుబాటులో ఉండేది. గన్నేరు గుడి ఆవరణలో, బావి గట్టున, కంచె వెంబడి పెరిగేది. శివుడికి ఆ పూలు ప్రీతి అన్నారు గాని, గొడ్ల దొడ్డిలో గన్నేరు నాటిన రైతు అరుదు. జిల్లేడు బీడులో, ఉమ్మెత్త పెంటదిబ్బ పక్కన వాటంతటవే మొలిచేవి, వాటిని అక్కడే వదిలేసేవారు. వినాయక చవితి ఏకవింశతి పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు మూడూ ఉన్నాయి. అంటే ఇరవై ఒక్క ఆకుల్లో కనీసం మూడు గుండెనో బుద్ధినో తప్పించగల ఆకులే. అవి ఏడాదికోసారి ఇంట్లోకి వస్తాయి, దేవుడి ముందు ఉంటాయి, బొమ్మతో పాటు చెరువుకు పోతాయి. ఇదంతా విషం లెక్క వేసి కట్టిన ఏర్పాటని నేను వాదించను. ఆచారానికి శాస్త్రం తొడగడం మనవాళ్లకు ఇష్టమైన పనే కాని, దానికి ఆధారం కావాలి. ఫలితం మాత్రం కళ్లెదుట ఉంది: ప్రమాదకరమైన మొక్కకూ ఇంటి నేలకూ మధ్య గడప అనే హద్దు ఉండేది. ఈ జ్ఞానం ఇవాళ్టి జాతీయ రహదారుల మీద కూడా బతికే ఉంది. రోడ్డు మధ్య విభాగినిలో గన్నేరు వరసలు పెంచడానికి ఒక ముఖ్య కారణం గొడ్లూ మేకలూ దాన్ని ముట్టకపోవడమే.

ఆ కట్టుబాటు మధ్యలో నిలిచిన ప్రాణి పశువు. అప్పటి చట్టం చూసినా ఇదే కనిపిస్తుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 429వ సెక్షన్ ఏనుగు, ఒంటె, గుర్రం, కంచరగాడిద, గేదె, ఎద్దు, ఆవులను పేరుపెట్టి చెప్పి, విలువ ఎంతైనా సరే వాటిని చంపడం, వాటికి విషం పెట్టడం నేరమంది. కుక్క పేరు అందులో లేదు. యాభై రూపాయలు పలికితేనే దానికి ఆ సెక్షన్ రక్షణ. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 325వ సెక్షన్ ఈ ధరల లెక్క తీసేసి, ఏ జంతువైనా ఒకటే అంది. పంతొమ్మిదో శతాబ్దపు వైద్య న్యాయశాస్త్ర గ్రంథాలు తిరగేస్తే గురివింద గింజలను నూరి సూదుల్లా చేసి పశువుకు గుచ్చడం, ఉమ్మెత్త గింజలు బాటసారులకు పెట్టడం లాంటివి పేజీలకు పేజీలు దొరుకుతాయి. ఆ రాతల్లో తోలుపని చేసే కులాల మీద మూకుమ్మడిగా మోపిన అనుమానాన్ని తెల్ల అధికారుల పక్షపాతంగానే చదవాలి. అయినా మొక్కల విషం అంటే ఆ కాలానికి పశువు చావే గుర్తొచ్చేదని అవి చెబుతున్నాయి. లేత జొన్న చొప్పలో విషం ఉంటుందని, వాన పడక వాడిన లేత జొన్నలోకి గొడ్లను తోలకూడదని ఈ మెట్ట రైతులకు తెలుసు. ఆ విషం సైనైడ్ అని రసాయన శాస్త్రం తర్వాత పేరు చెప్పింది. పక్కనే కోలారు బంగారు గనుల్లో ఖనిజపు పొడి నుంచి బంగారాన్ని లాగడానికి వాడిందీ సైనైడే. పశువైద్యమూ ఈ దారిలోనే ఎదిగింది. మద్రాసులో 1903లో, బెంగళూరు హెబ్బాళలో 1958లో పశువైద్య కళాశాలలు వచ్చాయి. కోలారు జిల్లాను బంగారం, పాలు, పట్టు సీమ అంటారు. బంగారం పోయినా పాలు నిలిచాయి. ఇక్కడి పశువుల ఆసుపత్రి రోజంతా చేసే పని ఆవు చుట్టూ తిరగడం వింతేమీ కాదు.

మరి కుక్కకు విషం అనే మాట పాత రికార్డుల్లో ఎక్కడ కనిపిస్తుంది? ప్రమాదంగా కాదు, ఉద్దేశపూర్వకమైన పనిగా కనిపిస్తుంది. దక్షిణాది అడవుల్లో పెరిగే ముష్టి చెట్టు గింజల నుంచి వచ్చే స్ట్రిక్నిన్ దానికి సాధనం. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు పెల్తియే, కావెంతూ 1818లో ఈ పదార్థాన్ని విడదీశారు. పట్టణాల్లో వీధికుక్కలను తగ్గించడానికి దాన్నే వాడారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో 11వ సెక్షన్ చదివితే వీధికుక్కలను గుండెలోకి స్ట్రిక్నిన్ ఇంజెక్షన్ పొడిచి చంపడం నేరమని విడిగా రాసి ఉంటుంది. జరగని పనిని చట్టం అంత వివరంగా నిషేధించదు. పల్లెల్లో కుక్క వాకిట్లో, కళ్లంలో, గొర్రెల మంద వెంట ఉండేది. మిగిలిన రాగి ముద్ద దానికి కూడు. అది ఏ ఆకు తిన్నదో, ఎందుకు వాంతి చేసుకుందో పట్టించుకునేవారు లేరు, చచ్చిపోతే కారణం వెతికేవారూ లేరు. కాబట్టి మొక్క తిని చచ్చిన కుక్కల లెక్క పాతకాలంలో దొరకడం లేదంటే ఆ చావులు లేవని అర్థం కాదు, లెక్క పెట్టేంత విలువ దానికి ఎవరూ ఇవ్వలేదని అర్థం.

ఇక కుండీ సంగతి. కామసముద్రానికి దగ్గరలోనే ఉన్న బూదికోట హైదర్ అలీ పుట్టిన ఊరు. ఆయనే 1760లో బెంగళూరులో లాల్‌బాగ్ తోటకు పునాది వేశాడు. 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానమైంది. 1874 నుంచి 1908 వరకు జాన్ కామెరాన్, ఆ తర్వాత జర్మన్ దేశస్థుడు క్రుంబీగల్ దాని బాధ్యత చూశారు. దేశదేశాల మొక్కలు తెచ్చి, మైసూరు వాతావరణంలో బతికించి, విత్తనాలు, అంట్లు పంచిపెట్టడం ఆ తోట పని. ఇటు 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరుకు రైలు దారి పడింది, కామసముద్రం ఆ దారిలోనే ఉంది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలారు గనుల్లో దిగింది. 1890లలో బంగారుపేట నుంచి మారికుప్పం దాకా గనుల రైలు నడిచింది. గని దొరలు బంగళాలు కట్టుకున్నారు, తోటలు వేసుకున్నారు, కుక్కలను ఇంట్లో పెంచుకున్నారు. గని కూలీలవి తట్టి గుడిసెలు, లైను ఇళ్లు. అక్కడ కుండీకి చోటు లేదు, కుక్కకు పరుపు లేదు. ఇంట్లో మొక్క, ఇంట్లో కుక్క అనే అలవాటు ఈ సీమకు మొదట బంగళా మెట్ల మీదుగానే వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేనాటికి దొరలు ఎప్పుడో వెళ్లిపోయారు గాని అలవాటు ఉద్యోగుల క్వార్టర్లకు, అక్కడి నుంచి బజారు వీధులకు దిగింది. బెంగళూరు నర్సరీలు మిగతా పని పూర్తిచేశాయి.

ఆ నర్సరీ నుంచి వచ్చినవేమిటి? డీఫెన్‌బాకియా, ఫిలోడెండ్రాన్, సింగోనియం, ఆంథూరియం అమెరికా ఉష్ణమండలపు మొక్కలు. ప్రతి ఇంటి కిటికీకీ వేలాడే మనీ ప్లాంట్ స్వస్థలం పసిఫిక్ సముద్రంలోని ఒక దీవి. పేర్లు పరాయివైనా కుటుంబం మాత్రం మనకు చిరపరిచయం: ఇవన్నీ కంద, చేమ కుటుంబానికి చెందినవే. ఆకులోనూ కాడలోనూ కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల కట్టల్లా ఉంటాయి. నమిలితే కణాలు చిట్లి సూదులు నాలుకలో, గొంతులో దిగుతాయి. వాపు, మంట, చొంగ. కంద తరిగిన చేతికి దురద ఎందుకొస్తుందో, చింతపండు పులుసులో ఎందుకు ఉడికిస్తారో తెలియని తెలుగు ఇల్లాలు లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత కూడా చేసుకున్నాం. శతాబ్దాల పాటు వండి, దురద తీసి తిన్న జాతికి ఇదే విషం ముందు గదిలో కుండీలో కూర్చుంటే గుర్తుపట్టడం రాలేదు. ఎందుకంటే కంద కూరగాయల గంపలో వచ్చింది, డీఫెన్‌బాకియా అలంకారంగా వచ్చింది. మొక్క తన విషాన్ని తెచ్చుకుంది గాని తన చుట్టాల చరిత్రను తెచ్చుకోలేదు. ఇలాంటిదే ఎడారి గులాబి అని అమ్మే అడీనియం, అది గన్నేరు కుటుంబం, గుండె మీద దెబ్బకొట్టే విషం. గుడి దగ్గర ఉంచాల్సినదని అమ్మమ్మ ఎరిగిన గన్నేరు చుట్టం బాల్కనీలో పొట్టిగా, లావుగా, గులాబీ పూలతో నిలబడితే అమ్మమ్మ మాత్రం ఎలా పోల్చుకుంటుంది? సైకస్ మరీ ప్రమాదకరం. ఈత మొక్కలా ముచ్చటగా ఉండే దీని గింజలు తిన్న కుక్కకు కాలేయం చెడుతుంది, మొదటి రోజు వాంతులతో సరిపోయిందనుకున్నా రెండు మూడు రోజులకు ప్రాణం మీదికి వస్తుంది.

ఇంటి మొక్క కుక్కకు ముప్పు అంటే మొదట వచ్చే అభ్యంతరం: జంతువుకు తనకేది పడదో తెలుసు, కుక్క ఒంట్లో బాగోలేనప్పుడే ఆకు తింటుంది, తిని కక్కుకుని బాగుపడుతుంది అని. గడ్డి తిని కక్కే కుక్కను చూడనివారు లేరు కాబట్టి ఈ నమ్మకం గట్టిది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్య పరిశోధకులు 1,571 మంది కుక్కల యజమానుల జవాబులు పరిశీలించి 2008లో ప్రకటించిన ఫలితం వేరుగా ఉంది. ఆకు తినే ముందు అనారోగ్యం కనిపించిన కుక్కలు పదింట ఒకటి కూడా లేవు, తిన్నాక తరచూ కక్కినవి దాదాపు ఐదో వంతు. అంటే ఆకు తినడం కుక్కకు మామూలు అలవాటు, వైద్యం కాదు. మేక పచ్చి గన్నేరును వదిలేస్తుంది నిజమే, కాని కత్తిరించి పడేసిన కొమ్మ ఎండి గడ్డిలో కలిస్తే తినేస్తుంది. విషం ఎండినా పోదు. కుక్క మేకలా ఏరుకుని నమలదు, మింగుతుంది. దానికి తోడు కుండీలో వేసే ఎరువు ఉంది. ఆముదపు చెక్క, ఎముకల పొడి కలిపిన ఎరువు వాసన కుక్కకు విందు భోజనం. ఆముదం గింజ తిన్న 98 కుక్కల వివరాలు అమెరికాలో 2000లో అచ్చయ్యాయి. చనిపోయినవి, చంపాల్సి వచ్చినవి కలిపి పదింట ఒకటికి లోపే. ఆ తక్కువ చూసి ధైర్యం తెచ్చుకోవచ్చు గాని, నిర్లక్ష్యానికి అది అనుమతి కాదు.

రెండో అభ్యంతరం బలమైనది. కోలారు జిల్లాలో కుక్కలు ఎక్కువగా చచ్చేది టమాటా తోటల పురుగుమందుకు, ఎలుకల మందుకు, ఎవరో పెట్టిన విషపు ముద్దకు కదా, కుండీ మొక్క పెద్ద ముప్పా? గనుల ఊరి వాళ్లయితే ఇంకో మాట అంటారు, బంగారం తీసేశాక పోసిన సైనైడ్ దిబ్బల పక్కన బతికేవాళ్లం, ఆకు చూసి భయపడమా అని. పురుగుమందు గురించి ఒప్పుకోవాల్సిందే, పల్లెల్లో ముప్పు వరసలో అది మొక్క కంటే ముందుంటుంది. దిబ్బల విషయంలో పేరే ఎక్కువ భయపెడుతుంది. సైనైడ్ ఎండకూ గాలికీ విరిగిపోయే పదార్థం. ఆ దిబ్బల దుమ్ము, అందులో మిగిలినవి మనుషుల ఊపిరితిత్తులకు చేసే హాని వేరే పెద్ద కథ. కాని పురుగుమందు డబ్బా మీద ముప్పు ఎంతో చెప్పే రంగు గుర్తు ఉంటుంది. కుండీ మీద ఏమీ ఉండదు. చిన్న ముప్పు అయినా కనిపించకుండా ఉంటే దానికి వేరే జాగ్రత్త కావాలి. పైగా మొదటి అరగంటలో చేయాల్సింది రెండింటికీ చాలావరకు ఒకటే, చేయకూడనిదీ ఒకటే.

చేయకూడని దాని దగ్గరే పాత తెలివి మనల్ని ముంచుతోంది. విషం తిన్న మనిషికి ఉప్పునీళ్లు, చింతపండు నీళ్లు, పేడనీళ్లు పట్టి కక్కించడం తరతరాల పద్ధతి. దాన్నే కుక్కకూ వాడుతున్నారు. ఉప్పు మోతాదు మించితే రక్తంలో సోడియం పెరిగి మెదడు వాచి కుక్క మూర్ఛలతో చస్తుంది, మొక్క చంపకపోయినా వైద్యం చంపుతుంది. నోరు తెరిచి నెయ్యి, నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కక్కించడం మీద ఆధునిక వైద్యమే తన మాట మార్చుకుంది. పాశ్చాత్య దేశాల ఇళ్లలో పిల్లల కోసం దశాబ్దాల పాటు దాచిన ఇపెకాక్ సిరప్‌ను ఇంట్లో వాడొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2003లో చెప్పేసింది. బొగ్గు కథ మరీ ఆసక్తికరం. 1831లో టువేరీ అనే ఫ్రెంచి ఫార్మసిస్టు వైద్య అకాడమీ ముందు ప్రాణాంతకమైన మోతాదులో స్ట్రిక్నిన్‌ను బొగ్గుతో కలిపి మింగి బతికాడని వైద్య గ్రంథాలు చెబుతాయి. మన ముష్టి గింజ విషమే బొగ్గుకు ఆ పరీక్ష పెట్టిందన్నమాట. శ్రీలంకలో పచ్చగన్నేరు గింజలు మింగినవారి మీద జరిగిన ప్రయోగంలో పదేపదే యాక్టివేటెడ్ చార్కోల్ ఇస్తే చావులు తగ్గాయని 2003లో తేలింది. ఇంకా పెద్దదిగా, పురుగుమందు తాగినవారినీ కలుపుకుని 4,632 మందితో జరిగిన ప్రయోగంలో తేడా లేదని 2008లో తేలింది. కాబట్టి బొగ్గు మంత్రం కాదు, తొందరగా, తగిన విషానికి, డాక్టరు చేతిలో పనిచేసే మందు. పొయ్యి బొగ్గు నూరి నీళ్లలో కలిపి పోయడం దానికి ప్రత్యామ్నాయం కానే కాదు.

అయితే ఏం చేయాలి? నోట్లో మిగిలిన ఆకు తీసేయాలి, మూతికి, నోటికి తడిబట్ట పెట్టి తుడవాలి. కంద కుటుంబపు మొక్క అయితే కుక్క తనంతట మింగగలిగినప్పుడు చల్లని నీళ్లో కాస్త పెరుగో ముందు పెడితే మంట తగ్గుతుంది. అక్కడ కక్కించడం తప్పు, సూదులు రెండోసారి గొంతు కోస్తాయి. నురగ కక్కుతున్నా, మూర్ఛలు వస్తున్నా, మగతగా ఉన్నా నోట్లో ఏదీ పోయకూడదు. మిగిలిన మొక్క, కుండీలోని ఎరువు, వాంతి ఉంటే అది, కవర్లో పెట్టుకుని, తిన్న సమయం, కుక్క బరువు గుర్తుపెట్టుకుని పశువుల డాక్టరుకు ఫోను చేయాలి. గన్నేరు, పచ్చగన్నేరు, అడీనియం, సైకస్ అని అనుమానం ఉంటే లక్షణాలు వచ్చేదాకా ఆగకూడదు. గుండె లయ తప్పిన కుక్కకు ఈసీజీ, సెలైన్, గుండె మందులు కావాలి, అవి పల్లె ఆసుపత్రిలో లేకపోతే బంగారుపేటో కోలారో బెంగళూరో పోవాల్సిందే. 1962 నంబరుకు ఫోను చేస్తే పశు అంబులెన్సు గురించి చెబుతారు. ఆ బండి ప్రధానంగా గొడ్ల కోసం నడిచేదే అయినా దారి అడగడానికి అది పనికొస్తుంది. ఇంతా చేసి మొక్కలన్నీ పీకేయమంటే ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. తులసి, మందారం మధ్య ఏది గన్నేరు చుట్టమో, ఏది కంద చుట్టమో తెలిస్తే దాన్ని కుక్కకు అందనంత ఎత్తులో పెట్టుకోవచ్చు.

అది తెలియజెప్పాల్సిన భారం కొనేవాడి మీద మోపడం న్యాయం కాదు. ఏటా జనవరి 26కూ ఆగస్టు 15కూ లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన జరుగుతుంది. మన ఊళ్ల నుంచి జనం రైలెక్కి వెళ్లి కుండీలు మోసుకొస్తారు. కుండీకి వేలాడే చీటీలో పేరు, ధర, ఎండ ఎంత కావాలో ఉంటే చాలదు. ఇది తింటే కుక్కకు, పిల్లకు, గొడ్డుకు ముప్పు అనే ఒక వాక్యం కన్నడంలో, తెలుగులో, తమిళంలో ఆ చీటీ మీద రాయించడానికి ఉద్యాన శాఖకు ఖర్చు పెద్దగా కాదు, నర్సరీలకు అమ్మకం తగ్గదు. పశుసంవర్ధక శాఖ వెంటపడితే ఇది వచ్చే ప్రదర్శన నాటికే కావచ్చు. చీటీ వచ్చేదాకా కుండీ కొనేవాళ్లు ఒక ప్రశ్న అడగండి: ఇది ఏ మొక్కకు చుట్టం? అమ్మేవాడికి తెలియకపోతే, తెలిసినవాడి దగ్గర కొనండి.